హీటింగ్ లేని కేబిన్‌కు మన్నికైన నేల: ఎంపిక నుంచి పరిచే పని వరకు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో సరస్సుల పక్కన చిన్న కేబిన్ కొనుక్కున్న తెలుగు కుటుంబాలు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: శీతాకాలమంతా హీటింగ్ లేకుండా మూసి ఉంచే ఇంట్లో నేలకు ఏది వేయాలి? దుకాణంలో ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్న పెట్టె తెచ్చుకుంటే సరిపోదా అని కూడా అడుగుతున్నారు. సరిపోదు. ఆ మాట పైన పడే నీళ్ల గురించి మాత్రమే చెబుతుంది. గడ్డకట్టే గదిలో ఆ పలక ఎలా ప్రవర్తిస్తుందో చెప్పదు.

మా కేబిన్‌లో మొదటి ఏడాది ఒక కాంట్రాక్టరు సలహా మీద క్లిక్-లాక్ వినైల్ పలకలు (జిగురు, మేకులు లేకుండా అంచులు ఒకదానిలో ఒకటి ఇరికించే ప్లాస్టిక్ పలకలు) వేయించాము. ఏప్రిల్‌లో తలుపు తీసేసరికి మూడు వరుసల మధ్య గోరు దిగేంత సందులు వచ్చి, వంటగది అల్మారా పక్కన రెండు పలకల లాక్ అంచులు విరిగి ఉన్నాయి. ఆ నేల మొత్తం తీసేసి మళ్లీ వేసుకోవలసి వచ్చింది. ఆ ఖర్చు మీకు రాకూడదన్న ఉద్దేశంతోనే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

1. ముందుగా మీ కేబిన్ వాడకాన్ని కాగితం మీద రాసుకోండి

ఒకే ఊళ్లో, ఒకే చలిలో ఉన్న రెండు కేబిన్లకు కూడా ఒకే నేల సరిపోకపోవచ్చు. కింది వాటికి జవాబులు రాసుకున్న తరువాతే దుకాణానికి వెళ్లండి.

- శీతాకాలంలో పూర్తిగా మూసి ఉంచుతారా, లేక కొన్ని వారాంతాల్లో వెళ్లి కట్టెల పొయ్యి వెలిగిస్తారా?
- ఇల్లు స్తంభాల మీద నిలిచి ఉందా, చుట్టూ గోడ కట్టిన పునాది మీద ఉందా, లేక నేరుగా కాంక్రీటు స్లాబ్ మీద ఉందా?
- అల్మారాలు, ద్వీపంలాంటి వంట గట్టు, బరువైన పొయ్యి ఎక్కడ నిలబడతాయి?
- మంచు అంటిన బూట్లు, తడిసిన కుక్క, చేపల వేట సామాను ఏ తలుపు గుండా లోపలికి వస్తాయి?
- కుటుంబం నేల మీద కూర్చుని భోంచేస్తుందా? పిల్లలు నేల మీద పడుకుంటారా?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. మన ఇళ్లలో నేల అంటే నడిచే చోటు మాత్రమే కాదు, కూర్చునే చోటు కూడా. పాదానికి, ఒంటికి తగిలే చలిలో టైల్‌కూ చెక్కకూ ఉన్న తేడా అక్కడ బాగా తెలుస్తుంది.

2. చలిని కాదు, మార్పును లెక్క వేయండి

ఈ ప్రాంతపు చలి ఎంతటిదో చెప్పడానికి ఒక్క సంఖ్య చాలు: 1996 ఫిబ్రవరి 2న టవర్ అనే పట్టణం దగ్గర ఫారెన్‌హీట్ కొలతలో మైనస్ 60 డిగ్రీలు, అంటే సెల్సియస్‌లో సుమారు మైనస్ 51 నమోదైంది. అయినా స్థిరంగా ఉండే చలి నేలను పెద్దగా పాడు చేయదు. సెల్సియస్‌లో మైనస్ 25 దగ్గర ఉన్న గదిలో శుక్రవారం రాత్రి పొయ్యి వెలిగించి శనివారం ఉదయానికి 20 డిగ్రీలకు తెచ్చి, ఆదివారం మళ్లీ వదిలేసి వెళ్లినప్పుడే నేలకు అసలు పరీక్ష.

ప్లాస్టిక్ ముఖ్యంగా ఉష్ణోగ్రతకు కదులుతుంది. వినైల్ పలకల్లో ఉండే గట్టి పీవీసీ ప్రతి డిగ్రీకి మీటరు పొడవున సుమారు 0.05 నుంచి 0.08 మి.మీ. వరకు మారుతుంది. ఆరు మీటర్ల గదిలో 55 డిగ్రీల తేడా వస్తే అది ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్ల కదలిక. సున్నపురాయి పొడి ఎక్కువగా కలిపిన ఎస్‌పీసీ పలకలు ఇంతకంటే తక్కువ కదులుతాయి కాని, కదలకుండా మాత్రం ఉండవు.

చెక్క తీరు వేరు. ఉష్ణోగ్రతకు అది దాదాపు స్పందించదు; గాలిలోని తేమకు స్పందిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. హీటింగ్ ఉన్న ఇంట్లో శీతాకాలపు గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి చెక్కలో తేమ 6 శాతం దాకా పడిపోయి పలకల మధ్య సందులు వస్తాయి. హీటింగ్ లేని కేబిన్‌లో మాత్రం లోపలి గాలి బయటి గాలిలాగే ఉండి, చెక్క ఏడాది పొడవునా సుమారు 12 నుంచి 14 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. దుకాణం నుంచి 7 శాతం తేమతో వచ్చిన పలకలను బిగించి వేస్తే అవి కుంచించుకుపోవు, ఉబ్బుతాయి.

ఎంత ఉబ్బుతాయో చూడండి. 12 అడుగుల వెడల్పు గదిలో మామూలు కోత రెడ్ ఓక్ పలకలు 7 శాతం నుంచి 13 శాతానికి చేరితే, ఆపేది లేనప్పుడు మొత్తం మీద మూడు అంగుళాలకు పైగా పెరుగుతాయి. నిలువు రేఖలు కనిపించేలా కోసిన డగ్లస్ ఫర్ పలకలు అదే మార్పుకు సుమారు 1.4 అంగుళాలు పెరుగుతాయి. చెక్క జాతి, కోసిన తీరు ఎందుకు అంత ముఖ్యమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

3. నేల వేసే ముందు నేల కిందకు వెళ్లి చూడండి

పైన ఎంత మంచి చెక్క వేసినా, కింద తడి మట్టి ఉంటే ఆ తడి పైకి చేరుతుంది. ఒక టార్చిలైటు, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు, పిన్నులున్న తేమ మీటరు తీసుకుని ఇంటి కిందకు దూరండి. ఈ పనికి సగం రోజు కేటాయించండి.

స్తంభాలు. మిన్నెసోటా ఉత్తర మండలంలో పునాదులు 60 అంగుళాల లోతుకు వెళ్లాలని నిర్మాణ నిబంధన చెబుతుంది, ఎందుకంటే మట్టి అంత లోతు వరకు గడ్డకట్టగలదు. పాత కేబిన్లలో చాలా స్తంభాలు అంత లోతుకు వెళ్లి ఉండవు. చలికాలంలో తలుపులు పట్టేసి వేసవిలో మళ్లీ తేలికగా తెరుచుకుంటుంటే స్తంభాలు లేస్తూ దిగుతూ ఉన్నాయని అర్థం. అలాంటి ఇంట్లో టైల్ ఆలోచనను ఇక్కడే వదిలేయండి.

మట్టి. ఇంటి కింది మట్టి మీద 6 మిల్ మందం, అంటే 0.15 మి.మీ. పాలిథీన్ పట్టా పరిచి, అతుకుల దగ్గర కనీసం 6 అంగుళాలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా వేయండి. వాననీరు దాని మీద నిలవకుండా చుట్టూ వాలు ఉండాలి.

జాయిస్టులు. ఇవి నేలను మోసే దూలాలు. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ దూలం కుళ్లింది. మీటరులో 16 శాతం దాటితే పైపని మొదలుపెట్టకుండా ముందు తేమ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి.

ఇన్సులేషన్. చలికాలంలో అసలు వెళ్లని కేబిన్‌కు నేల కింద ఇన్సులేషన్ అవసరం లేదు. రెండు వైపులా గాలి తగిలే నేల త్వరగా ఆరుతుంది, ఎక్కువకాలం నిలుస్తుంది. వారాంతాల్లో పొయ్యి వెలిగించేవారు జాయిస్టుల మధ్య మినరల్ ఊల్ పెట్టి, కింద పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ కొట్టించండి. ఆ జాలీ ఊల్‌ను నిలబెడుతుంది, ఎలుకలనూ ఆపుతుంది. జాయిస్టుల అడుగున మాత్రం ప్లాస్టిక్ పట్టా కొట్టకండి. పైనుంచి దిగిన తేమ అందులో చిక్కి ఊల్‌నూ దూలాలనూ తడిపేస్తుంది, పైగా ఆ నష్టం కొన్నేళ్ల దాకా కంటికి కనిపించదు.

సబ్‌ఫ్లోర్. ఇది జాయిస్టుల మీద, పై నేల కింద పరిచే ఆధారపు పొర. ముప్పావు అంగుళం మందం, బయటి వాడకానికి తగిన జిగురుతో చేసిన ప్లైవుడ్ తీసుకోండి. ఓఎస్‌బీ (చెక్క పేడులను జిగురుతో ఒత్తి చేసిన) షీట్ల అంచులు తేమకు ఉబ్బి మళ్లీ పూర్వస్థితికి రావు కాబట్టి ఇక్కడ నేను వాడను. షీట్ల మధ్య ఎనిమిదో వంతు అంగుళం సందు వదిలి, అంచుల వెంట 6 అంగుళాలకు, మధ్యలో 12 అంగుళాలకు ఒక స్క్రూ చొప్పున బిగించండి.

4. ఏది ఎంచుకోవాలి, ఏది వదలాలి

నా మొదటి ఎంపిక: నిలువు రేఖల కోతతో, 3 అంగుళాల లోపు లేదా దాని చుట్టుపక్కల వెడల్పుతో, ముప్పావు అంగుళం మందం ఉన్న టంగ్ అండ్ గ్రూవ్ (ఒక అంచున నాలుక, మరో అంచున గాడి ఉండి ఒకదానిలో ఒకటి దిగే) డగ్లస్ ఫర్ పలకలు. అమెరికాలో పాత ఇళ్ల వరండాలకు వాడిన చెక్క ఇదే. ఎండకూ మంచుకూ తట్టుకుని నిలిచింది. ఓక్ అంత గట్టిది కాదు, కుర్చీ ఈడ్చితే గీత పడుతుంది. అయినా తక్కువ కదులుతుంది, ఒక పలక పాడైతే ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, మళ్లీ సానపట్టుకోవచ్చు. హీటింగ్ లేని ఇంట్లో గట్టిదనం కంటే ఈ మూడు గుణాలు విలువైనవి.

వైట్ పైన్ ఇంకా మెత్తన. దాని రేటు తక్కువ, కదలిక కూడా తక్కువే. నొక్కులు పడినా ఫరవాలేదనుకునే వారు నిస్సందేహంగా వేసుకోవచ్చు. సుమారు 200 డిగ్రీల వేడిలో కాల్చి తయారుచేసే థర్మల్లీ మాడిఫైడ్ యాష్ లేదా పైన్ తేమను చాలా తక్కువగా పీలుస్తుంది. అయితే పెళుసుగా ఉంటుంది కనుక ప్రతి స్క్రూకూ ముందు రంధ్రం వేయాలి. ధర కూడా ఎక్కువ.

డబ్బు తక్కువగా ఉన్నవారికి పెయింట్ వేసిన ప్లైవుడ్‌ను మించినది లేదు. సబ్‌ఫ్లోర్ మీద రెండో పొరగా నునుపు ముఖమున్న బయటి రకం ప్లైవుడ్ వేసి, ఆరు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, ఆయిల్ ప్రైమర్ పట్టించి, పైన వరండా నేలలకు వాడే ఎనామెల్ రెండు పూతలు వేయండి. కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ పూత వేసుకుంటే చాలు. ఏ నిర్ణయానికీ రాలేకపోతున్న వారికి కూడా ఇదే చెబుతాను: ముందు దీనితో రెండు చలికాలాలు గడపండి, ఆ తరువాత పైన చెక్క వేసుకోవచ్చు, ఏదీ వృథా కాదు.

క్లిక్-లాక్ వినైల్ కొనాలనే నిశ్చయించుకుంటే, పెట్టె మీది ప్రకటనను కాక ఇన్‌స్టలేషన్ పత్రాన్ని చదవండి. చాలా కంపెనీలు గది ఎప్పుడూ సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండాలని అందులో రాస్తాయి. అంటే మీ కేబిన్‌కు వారంటీ మొదటి రాత్రే పోయినట్టు. హీటింగ్ లేని, కాలానుగుణంగా వాడే ఇళ్లకు అనుమతి ఉందని స్పష్టంగా రాసిన ఎస్‌పీసీ రకాలు కొన్ని ఉన్నాయి. వాటినైనా అల్మారాల కింద వేయకండి. బరువు కింద ఒక చివర ఇరుక్కుంటే కదలికంతా బలహీనమైన లాక్ దగ్గర బయటపడుతుంది.

లామినేట్ వద్దు. దాని లోపలి ఫైబర్ బోర్డు తేమకు అంచుల వద్ద ఉబ్బి అలాగే ఉండిపోతుంది. వెదురు, కార్క్, లినోలియం కూడా ఈ పరిస్థితికి తగినవి కావు. గోడ నుంచి గోడకు పరిచే తివాచీ తడిని పట్టి ఉంచుతుంది, ఎలుకలకు గూడు అవుతుంది. తీసి దులిపే చాపలు, జంపఖానాలు మేలు.

టైల్ విషయంలో మన వారికి మమకారం ఎక్కువ, అది నాకు అర్థమవుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, కాబట్టి నీటిని పీల్చే టైల్ పగులుతుంది. నీటి పీల్పు 0.5 శాతం మించని పోర్సెలిన్ టైల్ చలికి తట్టుకుంటుంది కాని, దాని కింది చెక్క కదలికకు టైళ్ల మధ్య నింపే గ్రౌట్ తట్టుకోదు. గుమ్మం దగ్గర నాలుగు చదరపు అడుగుల మేర సరే. గది మొత్తానికి వద్దు.

కాంక్రీటు స్లాబ్ ఉన్నవారు దాని మీద ఏమీ అతికించకుండా, లోపలికి ఇంకే సిలేన్ రకం సీలర్ పట్టించి వదిలేయడం మంచిది. వసంతంలో ఆ స్లాబ్ చెమర్చడం మీరు చూస్తారు. 20 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి సుమారు 14 డిగ్రీల దగ్గర నీటిబొట్లుగా మారుతుంది. మే నెలలో స్లాబ్ అంతకంటే చల్లగా ఉంటుంది. అది కిందనుంచి వచ్చే ఊట అనుకుని కంగారుపడకండి. అనుమానముంటే 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచండి: నీరు ప్లాస్టిక్ అడుగున చేరితే ఊట, పైన చేరితే గాలిలోని తేమ.

5. చెక్కను ఇంటికి అలవాటు చేయండి

పని వేసవి చివర్లో, ఆగస్టు లేదా సెప్టెంబరులో పెట్టుకోండి. పలకలను కేబిన్ లోపలే, కట్టలు విప్పి, వరుసల మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చండి. ‘మూడు రోజులు ఉంచితే చాలు’ అనే మాట హీటింగ్ ఉన్న ఇళ్లది. ఇక్కడ మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. రోజులను కాదు, మీటరును నమ్మండి.

- సబ్‌ఫ్లోర్‌లో ఇరవై చోట్ల, పలకల్లో ఇరవై చోట్ల తేమ కొలిచి రాసుకోండి.
- 3 అంగుళాల లోపు పలకలకు రెండింటి మధ్య తేడా 4 పాయింట్లు, అంతకంటే వెడల్పైన వాటికి 2 పాయింట్లు మించకూడదు.
- పలకల్లో తేమ 11 నుంచి 13 శాతం మధ్య నిలకడగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.
- అలవాటు చేస్తున్న రోజుల్లో పొయ్యి గాని హీటరు గాని వెలిగించకండి.

సమయం లేక 9 శాతం దగ్గరే వేయక తప్పకపోతే, ప్రతి పలక పక్కన రెండు విజిటింగ్ కార్డుల మందం సందు వదలండి. తేమ పెరిగాక అది మూసుకుపోతుంది.

6. పరిచే క్రమం

1. సబ్‌ఫ్లోర్‌ను ఊడ్చి, పైకి లేచిన స్క్రూ తలలను దించి, కిర్రుమనే చోట్ల అదనపు స్క్రూలు వేయండి.
2. తారు పట్టించిన 15 నంబరు ఫెల్ట్ కాగితాన్ని పరచండి. ఇది తేమను నెమ్మదిగా వెళ్లనిస్తుంది. ఇక్కడ పాలిథీన్ వాడితే చెక్క కింద నీరు చేరుతుంది.
3. పలకల అడుగు ముఖానికి ఒక పలుచని నూనె పూత పట్టించండి. రెండు ముఖాలూ ఒకే వేగంతో తేమ పీలిస్తేనే పలక దొప్పలా వంగదు.
4. జాయిస్టులకు అడ్డంగా, అతి పొడవైన గోడ వెంట దారం కట్టి మొదటి వరుసను తిన్నగా పెట్టండి. గోడకూ పలకకూ మధ్య ముప్పావు అంగుళం సందు వదలండి.
5. టంగ్ మీదుగా వాలుగా, 8 నుంచి 10 అంగుళాలకు ఒక మేకు కొట్టండి. గది నిండా జిగురు పూయకండి.
6. ఆరు వరుసలకు ఒకసారి దారంతో సరిచూసుకోండి.
7. గోడ అంచున కొట్టే బేస్‌బోర్డును గోడకే కొట్టండి, నేలకు కాదు. నేల దాని కింద స్వేచ్ఛగా కదలాలి.

వంట అల్మారాలు మేకులు కొట్టిన చెక్క నేల మీద పెట్టవచ్చు. క్లిక్-లాక్‌లా కిందికి బిగించకుండా పరిచే ‘తేలే’ నేల అయితే అల్మారాలు ముందు, నేల తరువాత.

7. పూత

గట్టి పొరగా ఏర్పడే నీటి ఆధారిత వార్నిష్ పలకల అంచులను ఒకదానికొకటి అతికిస్తుంది. అప్పుడు పది పలకలు ఒకే బల్లలా కదిలి, పదకొండో చోట పెద్ద సందు తెరుచుకుంటుంది. లోపలికి ఇంకే నూనె పూత అలా అతికించదు. అరిగిన చోట మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు.

గది 13 డిగ్రీలకు పైన ఉన్న రోజుల్లో పలుచగా రెండు పూతలు వేసి, పావుగంట తరువాత మిగిలిన నూనెను పూర్తిగా తుడిచేయండి. తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయవద్దు. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా బయట ఆరవేయండి, లేదా నీళ్లు నింపిన మూత డబ్బాలో వేయండి.

8. పొయ్యి ముందు, గుమ్మం దగ్గర

కట్టెల పొయ్యి కింద, దాని తలుపు ముందు కనీసం 18 అంగుళాల మేర మండని పలక ఉండాలి. పక్కల కొలత పొయ్యి పత్రంలో చూసుకుని, అక్కడ ఇంకా ఎక్కువ అడిగితే అదే పాటించండి.

గుమ్మం లోపల మందపాటి రబ్బరు చాపలు వేయండి. మంచు స్కేటింగ్ రింకుల్లో ఆటగాళ్లు బూట్లతో నడిచే చోట వేసేది ఈ రకమే. చలిలోనూ మెత్తగా ఉంటుంది. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే మన అలవాటు ఈ నేల ఆయుష్షును నిజంగా పెంచుతుంది. బకెట్టు నీళ్లు పోసి కడిగే అలవాటు మాత్రం ఇక్కడికి తేకండి. బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు.

9. తరచుగా జరిగే తప్పులు, వాటికి మందు

నేల మధ్యలో ఉబ్బి లేచింది. అంచుల సందు మూసుకుపోయిందని అర్థం. బేస్‌బోర్డు తీసి, గోడ పక్క వరుసను నిలువునా కోసి ముప్పావు అంగుళం తెరవండి. కొన్ని వారాల్లో చాలావరకు దానంతట అదే దిగుతుంది. వెంటనే మేకులు కొట్టి అణచకండి.

పలకల అంచులు లేచి మధ్య పల్లం అయింది. అడుగున తడి ఎక్కువగా ఉంది. ముందు ఇంటి కింది మట్టిని చూడండి. తడి ఆరకముందే సానపడితే, ఆరిన తరువాత పలక ఎదురు దిశలో వంగి కనిపిస్తుంది.

సందులు వచ్చాయి. చలికాలంలో వచ్చి వేసవిలో పోయేవైతే వదిలేయండి. పుట్టీ నింపితే వేసవిలో ఉబ్బడానికి చోటు లేక పలకలు నలుగుతాయి.

పెయింట్ పెచ్చులూడుతోంది. సాధారణంగా ప్లైవుడ్ అంచులు సీల్ చేయకపోవడమే కారణం. ఊడినంత మేర గీకి, అంచులకు ప్రైమర్ పట్టించాకే పూత వేయండి.

శనివారం వంటతో కిటికీలు చెమర్చుతున్నాయి. కుక్కర్ ఆవిరి, నలుగురి ఊపిరి చల్లని నేల మూలల్లో నీరై కూర్చుంటుంది. వంట చేస్తున్నంతసేపు ఒక కిటికీని రెండు వేళ్ల వెడల్పున తెరిచి ఉంచండి.

10. శీతాకాలానికి మూసేముందు

- చాపలు, జంపఖానాలు ఎత్తి చుట్టి, నేలకు తగలకుండా పెట్టండి. రబ్బరు చాపల అడుగు ఆరబెట్టండి.
- పైపుల్లో, హీటరు ట్యాంకులో, సింకు కింది వంపు గొట్టాల్లో నీరు లేకుండా చూడండి. పగిలిన పైపు ఒక్క రోజులో నేలను పాడు చేస్తుంది.
- నీటి ఆధారిత పెయింటు, జిగురు, పూత డబ్బాలు నగరంలోని ఇంటికి తీసుకెళ్లండి. ఒకసారి గడ్డకడితే చాలావరకు పనికిరావు.
- పరచగా మిగిలిన పలకల్లో ఓ ఆరింటిని పారేయకుండా కేబిన్ లోపలే అటక మీద పెట్టండి. మరమ్మతు నాటికి అవి ఆ ఇంటి గాలికి అలవాటు పడి ఉంటాయి.
- నాలుగు మూలల్లో, నడిమధ్యలో తేమ కొలిచి తేదీతో సహా తలుపు వెనుక కాగితం మీద రాసి వెళ్లండి. ఏప్రిల్‌లో తలుపు తీసిన రోజునే, పొయ్యి వెలిగించక ముందు, మళ్లీ కొలవండి.